ఇరవై నాలుగో మనిషి

జనవరి 11, ఆదివారం

మా ఆవిడ లవోన్‌ని శాసనసభ సమావేశాలకు రాజధాని పియర్‌లో దింపి వచ్చాను. వెళ్ళేటప్పుడు దారి పొడుగునా తన కాగితాలు చదువుకుంటూనే ఉంది. నేను రేడియో పెడితే తగ్గించింది. ఎనిమిదేళ్ళు ఇదే దారిలో నేను కాగితాలు చదువుకుంటుంటే ఆమె బండి నడిపేది. అద్దె ఇంటి ముందు ఆగాక సూట్‌కేసు నేను తెస్తానంటే, "ఆపరేషన్ చేసిన ఎడమ మోకాలు ఇంకా పచ్చిగానే ఉంది, మెట్లెక్కకు" అని తనే లాక్కుపోయింది. ఆ ఇంట్లో ఆమెతో పాటు ఉండే ఇద్దరు సభ్యురాళ్ళు తలుపు దగ్గరే ఆమెను వాటేసుకున్నారు. నన్ను చూసి "బాగున్నారా?" అన్నారు, డ్రైవర్ని పలకరించినట్టు.

ఏర్పాటేమిటో ఒకసారి రాసి పెట్టుకోవడం మంచిది. మా సౌత్ డకోటాలో వరసగా ఎనిమిదేళ్ళు దాటి ఎవరూ దిగువ సభలో కూర్చోకూడదు. ఒక విడత, అంటే రెండేళ్ళు, బయట ఉండి మళ్ళీ నిలబడొచ్చు. ఆ రెండేళ్ళకూ పెళ్ళాన్నో తమ్ముణ్ణో కూర్చోబెట్టడం ఇక్కడ నలుగురూ చేసే పనే, దాపరికం లేదు. హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆటకు వెళ్ళి టోపీ పెట్టి కుర్చీ ఆపుకుంటామే, అలాంటిది. లవోన్ నా టోపీ. మార్చి నెలాఖరుకు నామినేషన్లు. అప్పుడు టోపీ తీసి నేను కూర్చుంటాను. వంటింటి బల్ల దగ్గర ఇద్దరం ఒప్పుకున్న మాట ఇది.

పోయిన ఏడాది సమావేశాల్లో టోపీ మాట్లాడటం మొదలుపెట్టింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

జనవరి 13, మంగళవారం

కంప్యూటర్‌లో సభ చూశాను. నా కుర్చీకి కొత్త తోలు వేయించింది. చేతి దగ్గర చిరుగు ఎనిమిదేళ్ళూ బొటనవేలితో గీకి గీకి నేను చేసింది. ఎవర్నడిగి వేయించిందో తెలీదు. ఆమె లేచి "అధ్యక్షా" అనగానే స్పీకర్ నవ్వుతూ చెయ్యి చూపించాడు. నేను లేస్తే గోడ గడియారం చూసేవాడు.

నాకు ఈర్ష్య లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

జనవరి 17, శనివారం

ఇవాళ మా ఊళ్ళో కాఫీ సభ. సమావేశాలు జరిగే రోజుల్లో ప్రతినిధులు శనివారం ఇంటికొచ్చి, స్కూలు భోజనాల గదిలో జనం అడిగినవాటికి జవాబు చెప్పాలి. కాఫీ, డోనట్లు ఉంటాయి. నా హయాంలో డోనట్లు మిగిలిపోయేవి. ఇవాళ కుర్చీలు చాలక కుర్రాళ్ళ జిమ్ బల్లలు తెచ్చి వేశారు.

అందరిదీ ఒకటే ప్రశ్న, అంబులెన్స్. మా ఆల్డెన్ అంబులెన్స్ జీతం లేని వాలంటీర్లతో నడుస్తుంది. లవోన్ ఇరవై ఏళ్ళ నుంచి దాన్ని నడుపుతోంది, ఇప్పటికీ వారాంతాల్లో, పిలుపొస్తే మోగే పేజర్ నడుముకు పెట్టుకునే తిరుగుతుంది. ఇంకో ముగ్గురే మిగిలారు. రాష్ట్రం ఆదుకోకపోతే జూలై ఒకటిన బండి ఆపేస్తామని ఊరి బోర్డు చెప్పేసింది. ఆ తర్వాత ఎవరికైనా గుండె పట్టేస్తే నలభై మైళ్ళ అవతల నుంచి బండి రావాలి.

ముందు వరసలో ముసలి మిసెస్ గ్రోస్ లేచి, "మా ఆయనకు మూడోసారి గుండె పట్టేస్తే ఏం చెయ్యాలమ్మా?" అని అడిగింది.

నేను వెనక నుంచి లేచి, అంబులెన్స్‌లకు రాష్ట్రం డబ్బిచ్చే బిల్లు చరిత్ర ఏమిటో, మూడుసార్లు నేను పెట్టినప్పుడు కమిటీలో ఏం జరిగిందో చెప్పబోయాను.

"ఆర్లెన్," అంది కేఫ్ నడిపే డార్లీన్, కాఫీ కూజా చేత్తో పట్టుకుని. "ఆవిడ అడిగింది ప్రతినిధిని. నువ్వు డోనట్ తిను."

గదంతా నవ్వింది. లవోన్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మిసెస్ గ్రోస్ దగ్గరికెళ్ళి పక్కన కూర్చుని, "ఈ ఏడు బిల్లు నేను పెడుతున్నాను. ఏమవుతుందో నాకూ తెలీదు. కానీ మీవారి సంగతి అక్కడ అందరి ముందూ చెప్తాను, మీకు అభ్యంతరం లేకపోతే" అంది. ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

తెలీదు అని ఒప్పుకునే నాయకుణ్ణి ఎక్కడైనా చూశామా? ఎనిమిదేళ్ళలో నేను ఒక్కసారీ తెలీదు అనలేదు.

జనవరి 20

ఫోన్ చేయలేదు. పనులుంటాయి. నాకూ ఉండేవి.

జనవరి 31, శనివారం

వేలం వేయడం నా వృత్తి, ఇవాళ పెద్ద వేలం. హెన్రీ బాయర్ సేద్యం చాలించుకుంటున్నాడు, ట్రాక్టర్ల దగ్గర నుంచి పార గొడ్డలి దాకా అన్నీ అమ్మాం. చలికి మైకు కూడా బిగుసుకుపోయింది. అయినా వేలం బండి ఎక్కి సుత్తి పట్టుకుంటే నాకు ప్రాణం లేచొస్తుంది. మూడొందల మంది నిలబడ్డా ఎవరి చెయ్యి లేచిందో, ఎవరి గడ్డం కదిలిందో, ఎవరు లేవబోయి ఆగారో నా కంటికి తప్పదు. తలలు లెక్కపెట్టడం నాకు ఊపిరి తీసుకున్నట్టే. ఈ విషయంలో నాకు సాటి వచ్చేవాడు ఈ రాష్ట్రంలో లేడని నలుగురూ అనే మాటే.

మట్టి ఎత్తే లోడర్ కోసం ఎమిల్ వైస్ వచ్చాడు. పక్క జిల్లా ప్రతినిధి, సభలో నా చివరి నాలుగేళ్ళూ నా పక్క కుర్చీవాడు. అంతకుముందు పైసభకు వెళ్ళి తిరిగొచ్చి ఎనిమిదేళ్ళ లెక్క మళ్ళీ మొదలుపెట్టాడు, ఇప్పుడు లవోన్ పక్క కుర్చీ. ఎమిల్ పద్ధతి నాకు కొట్టిన పిండి. ముందు చెయ్యెత్తడు. జేబుల్లో చేతులు పెట్టుకుని ఆకాశం చూస్తాడు. ఇంకెవరూ పెంచరని తేలి, నా సుత్తి కిందికి దిగేలోపు, టోపీ అంచు తాకుతాడు. ఇవాళా అంతే. లోడర్ కొట్టేశాడు.

తర్వాత కాఫీ దగ్గర, "అవసరం లేకుండా చెయ్యెత్తడం మూర్ఖుడి పనోయ్" అన్నాడు. ఆ ముక్క అతని నోట వందసార్లు విన్నాను.

ఆ తర్వాత, "మీ ఆవిడ గట్టిది" అన్నాడు.

నేను లోడర్ తాళాలు ఇచ్చాను.

ఫిబ్రవరి 5, గురువారం

కమిటీలో బిల్లు చచ్చింది. లవోన్ ఫోన్ చేసి రెండే ముక్కలు చెప్పి పెట్టేసింది. మెజారిటీ నాయకుడు కర్ట్ లూకన్ గుమ్మం దగ్గర నిలబడి కనుసైగ చేస్తే అందరూ గొర్రెల్లా తలలూపారట. నాకు మూడుసార్లు జరిగిందే. ఎవరు పెట్టినా చచ్చే బిల్లే అది, మనిషిని బట్టి కాదు.

నాకు చాలా బాధ కలిగింది. మిసెస్ గ్రోస్ పంపిన ప్రూన్ కూకెన్, పళ్ళ కేకు, రెండు ముక్కలు తిన్నాను. ఈ మధ్య ఇంత ఆకలి వేయలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

లవోన్ ఇంటికొచ్చింది. ఓదార్చాలని మాంసం రోస్ట్‌కు పెట్టాను. ఆమె ఓదార్పు పుచ్చుకునే స్థితిలో లేదు. బంగాళాదుంప కోస్తూ, వాతావరణం సంగతి చెప్పినట్టు, "పొగబెడతాను" అంది.

పొగబెట్టడమంటే మా సభలో పాత ఆచారం. కమిటీ చంపేసిన బిల్లును కలుగులో ఎలకను బయటికి లాగినట్టు సభ ముందుకు లాగడం. డెబ్బై మందిలో మూడో వంతు, అంటే ఇరవై నలుగురు, తమ కుర్చీల్లోంచి లేచి నిలబడాలి. మీట నొక్కి ఊరుకుంటే కుదరదు. నాయకుడి కళ్ళముందు ఒళ్ళు లేపి నిలబడాలి. ఎవరు లేచారో ఆయన ఎన్నాళ్ళయినా మర్చిపోడు. ఒక బిల్లుకు ఒక్కసారే అడగొచ్చు. తక్కువైతే అంతటితో సమాధి.

"పిచ్చా నీకు?" అన్నాను. "కర్ట్ నిన్ను బతకనిస్తాడా?"

"నువ్వు మూడుసార్లు ఎందుకు అడగలేదు ఆర్లెన్?"

"అడిగితే వచ్చే ఏడు నాకు ఒక్క కమిటీ కూడా రాదు."

"వచ్చింది కదా మరి. కమిటీలు వచ్చాయి. బండి పోతోంది."

కోపంగా అని ఉంటే దెబ్బలాడేవాణ్ణి. ఆమె మామూలుగా అనేసి దుంపలు ఉప్పునీళ్ళలో వేసింది. మాట ఇచ్చినవాళ్ళు ఎంతమంది అని అడిగాను. తనతో కలిపి ఇరవై ముగ్గురట. ఇరవై ముగ్గురు. నా బిల్లుకు బతిమాలి బతిమాలి తొమ్మిది మందిని కూడగట్టలేకపోయాను. ఆమె ఇంటింటికీ వెళ్ళి వాళ్ళ అమ్మల ఆరోగ్యం అడిగిందట, వాళ్ళ ఊళ్ళో బండి ఎంతసేపటికొస్తుందని అడిగిందట. అంతే చేసిందట.

కడుపు మండిపోయింది. ఆ మాట ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను. రోస్ట్ బాగా కుదిరిందని మాత్రం అంది.

ఫిబ్రవరి 12, గురువారం

పశువుల సంతకు ఎమిల్ వచ్చాడు. చుట్టూ చూసి నన్ను తూకం గది వెనక్కి తీసుకుపోయాడు.

"నీకు చెప్పినట్టు మీ ఆవిడకు చెప్పకు. ఆమెకు ఇంకొకడు కావాలి కదా. నేను లేస్తానని ఆమెకు మాటిచ్చాను. కానీ నా మనసులో ఒక షరతు. ఇరవై మూడు దగ్గర ఆగితేనే లేస్తాను. ఎవడైనా మనసు మార్చుకుని లేచి ఇరవై నాలుగైతే, నేను కదలను. కర్ట్‌తో తగువు నాకెందుకోయ్? అవసరం లేకుండా..."

"చెయ్యెత్తడం మూర్ఖుడి పని" అన్నాను.

"అదీ. లేచినవాళ్ళను నేనే లెక్కపెట్టుకుంటాను." టోపీ సర్దుకుని, "మీ సెనేటర్ లిండ్‌క్విస్ట్ ఈసారి నిలబడట్లేదు, విన్నావా? ఒళ్ళు బాగాలేదట" అన్నాడు.

వినలేదు. గుండె ఒక్క గంతు వేసింది. ఆ పైసభ కుర్చీ మీద నాకు ఎన్నేళ్ళుగానో కన్ను. దిగువ సభలో ఇంకో విడత కూర్చుని, ఆ తర్వాత అక్కడికి అనుకున్నాను. అది నలుగురికీ తెలిసిన సంగతే కూడా.

"అందరూ మీ ఇంటి పేరే అనుకుంటున్నారు" అన్నాడు ఎమిల్.

"చూద్దాం. ఇంకా ఏమీ నిర్ణయించుకోలేదు" అన్నాను.

ఎమిల్ కాసేపు బూట్లు చూసుకున్నాడు. "లవోన్‌ని అనుకుంటున్నారోయ్" అన్నాడు.

నవ్వాను. బ్రహ్మాండం అన్నాను. భుజం కూడా తట్టాను. తర్వాత మధ్యాహ్నం వేలంలో ఒక దూడను రెండుసార్లు అమ్మబోయానట, మా గుమాస్తా ఆపాడు.

ఫిబ్రవరి 13

సభలో లవోన్ బల్లకు పూలు పంపాను. రేపు ప్రేమికుల రోజు. అప్పటికే మూడు గుత్తులు ఉన్నాయట, నాది నాలుగోది.

ఫిబ్రవరి 18, బుధవారం

అయిపోయింది. మోకాలు పట్టేసింది. రేపు రాస్తాను.

ఫిబ్రవరి 19, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

రమ్మని ఆమె అడగలేదు. భార్యకు అండగా ఉండాలని నేనే వెళ్ళాను. మాజీ సభ్యులకు సభ లోపలే వెనక గోడ వెంట బెంచీ ఉంటుంది. పాత బాడ్జీ పెట్టుకుని అక్కడ కూర్చున్నాను. స్పీకర్ మొదట్లోనే "మన పూర్వ సభ్యుడు ఆర్లెన్ క్వామ్ గారు వచ్చారు" అని పరిచయం చేశాడు. లేచి దణ్ణం పెట్టినట్టు తల వంచాను. చప్పట్లు కొట్టారు. పూర్వ అన్న మాట స్పీకర్ కాస్త ఒత్తి పలికాడని నాకనిపించింది.

పది అంశాలయ్యాక లవోన్ లేచింది. చేతిలో కాగితం లేదు. మిస్టర్ గ్రోస్‌కు రెండోసారి గుండె పట్టేసినప్పుడు తను బండి నడిపిన సంగతి చెప్పింది. వెనక మిసెస్ గ్రోస్ ఆయన పేరు పిలుస్తూ ఉందట. ఆ పేరు ఆపకుండా వినిపించినంతసేపూ మనిషి ఉన్నాడని తెలుసుకుని నడిపానని చెప్పింది. సభలో దగ్గు కూడా వినబడలేదు. ఎనిమిదేళ్ళలో ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండగా నేను చూడలేదు. నేను మాట్లాడితే సగం మంది సాండ్‌విచ్‌లు తినేవాళ్ళు.

ఆయనకు గుండె పట్టేసిన ఆ రాత్రి లవోన్ ఇంటికొచ్చి బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేసి పడుకుంది. ఏమైందని నేను అడగలేదు, మర్నాటి వేలం కాగితాలు చూసుకుంటున్నాను. నాకు చెప్పని మాట డెబ్బై మందికి చెప్పింది.

"బిల్లును సభ ముందుకు తెప్పించాలని కోరుతున్నాను అధ్యక్షా" అంది. సమర్థించేవారు లేచి నిలబడాలని స్పీకర్ అన్నాడు. కర్ట్ లూకన్ కుర్చీ వెనక్కి తిప్పి గదంతా చూస్తూ కూర్చున్నాడు.

లేచారు. మొదట ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు. తర్వాత కిటికీ వైపు నుంచి రైతులు. ఒకరి తర్వాత ఒకరు, కుర్చీలు కిర్రుమంటూ. కర్ట్ చూస్తుండగానే లేచారు. ఆమె కోసం. ఎమిల్ ఆమె పక్కనే చేతులు ఒళ్ళో పెట్టుకుని తల మాత్రం తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత ఇంకెవరూ లేవడం లేదు. గది ఆగిపోయింది. వేలంలో సుత్తి దిగే ముందు అలా ఆగుతుంది.

అప్పుడు నా మోకాలు పట్టేసింది. చెక్క బెంచీ, అంతసేపు కూర్చుంటే పట్టేయదా? సాగదీయడానికి లేచాను. ఎంతమంది నిలబడ్డారో నేను లెక్కపెట్టలేదు. వేలానికి వెళ్ళలేదు కదా నేను, భార్యను చూడటానికి వెళ్ళాను.

ఎమిల్ తల నా వైపు తిరిగింది. దూరం నుంచి అతనికి ముఖం ఆనదు, నిలబడ్డ ఆకారం ఆనుతుంది. ఒళ్ళో చేతులు అలాగే ఉంచుకున్నాడు.

సభ గుమాస్తా మిసెస్ ఓడెగార్డ్ లేచినవాళ్ళ పేర్లు రాసుకుంది. "ఇరవై నలుగురు" అంది. స్పీకర్ సుత్తి కొట్టాడు. జనం ఊపిరి వదిలారు, ఎవరో చప్పట్లు కూడా మొదలుపెట్టారు. లవోన్ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

కర్ట్ లూకన్ పేర్లు చదవమన్నాడు. మిసెస్ ఓడెగార్డ్ చదివింది. మధ్యలో "క్వామ్" అంది. చివర్న మళ్ళీ "క్వామ్" అంది. ఎనిమిదేళ్ళు నేను లేచినప్పుడల్లా రాసిన చెయ్యి, ఈసారీ రాసేసింది. పాపం ఆవిడ తప్పేం లేదు.

"అధ్యక్షా, ఈ సభలో ఇద్దరు క్వామ్‌లు ఎప్పట్నుంచీ ఉన్నారు?" అన్నాడు కర్ట్, నా వైపు తిరిగి.

అందరూ తిరిగారు. నేనింకా నిలబడే ఉన్నాను. ఎవరో ఒకరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. ఎమిల్ సగం లేచి "అధ్యక్షా, నేను..." అన్నాడు. "లెక్క ముగిశాక లేవడం కుదరదు" అన్నాడు స్పీకర్. "ఇరవై ముగ్గురు. కోరిక వీగిపోయింది." సుత్తి కొట్టాడు.

లవోన్ నా వైపు తిరగలేదు. డెబ్బై మందిలో తిరగనిది ఆమె ఒక్కతే.

ఫిబ్రవరి 20

మోకాలే.

ఫిబ్రవరి 21, శనివారం

డార్లీన్ కేఫ్‌కు వెళ్ళాను. తలుపు తెరవగానే పేకాట బల్ల దగ్గర నుంచి స్టాన్ లేచి నిలబడ్డాడు. "లేవండ్రా, లేవండి. లెక్కకు ఒకడు తక్కువయ్యాడు" అన్నాడు. అందరూ లేచారు. స్టూళ్ళ మీద వాళ్ళు కూడా.

"కూర్చోండెహె" అన్నాను నవ్వుతూ. నవ్వక ఏం చేస్తాను.

డార్లీన్ మాత్రం నవ్వలేదు. కాఫీ పోసి, "జూలై తర్వాత నాకేమైనా అయితే నువ్వే లేచి రావాలి మరి" అంది.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఎమిల్ ఫోన్. "ఇరవై నాలుగు చూశాను, కూర్చున్నాను. నీ వేలంలో నేర్చుకున్న బుద్ధే" అన్నాడు. తర్వాత, "నువ్వు లెక్కపెట్టలేదా ఆర్లెన్?" అన్నాడు.

"లేదు."

"నువ్వా?"

మోకాలి సంగతి చెప్పాను. "ఓహో" అన్నాడు. ఎమిల్‌ది చాలా మంచి స్వభావం, కానీ ఆ ఓహో నాకు నచ్చలేదు.

మార్చి 3

పేపర్లో లవోన్ ఫోటో, ఓడిపోయినందుకు. నేను గెలిచిన నాలుగుసార్లూ ఇంత పెద్ద ఫోటో వేయలేదు.

మార్చి 15, ఆదివారం

సమావేశాలు అయిపోయాయి. లవోన్ వచ్చేసింది. సామాను సర్దుకుంది, కిటికీలో మొక్కలకు నీళ్ళు పోసింది, అంబులెన్స్ గరాజుకు వెళ్ళి బాటరీ చూసొచ్చింది. ఆ బుధవారం గురించి ఒక్క మాట లేదు. నేనే, "ఆ రోజు మోకాలు ఎలా పట్టేసిందంటే" అని కుడి మోకాలు రుద్ది చూపించాను.

ఆమె రుద్దుతున్న చేతి వైపు చూసింది. "ఆపరేషన్ ఎడమదానికి కదా" అంది.

"రెండూ పడతాయి" అన్నాను.

మార్చి 17

ఊరి బోర్డు తీర్మానం చేసేసింది. జూలై ఒకటి.

మార్చి 22, ఆదివారం

ఇవాళ చర్చి అయ్యాక లవోన్ ఒక కవరు తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది. లోపల నా నామినేషన్ కాగితాలు. పైన నా పేరు రాసి ఉంది, కింద కావలసిన సంతకాలన్నీ ఉన్నాయి. డార్లీన్, స్టాన్, మిసెస్ గ్రోస్, అందరివీ. ఆమే ఇంటింటికీ తిరిగి పెట్టించింది.

"ఇదిగో నీ కుర్చీ. మాట ప్రకారం."

"వీళ్ళు నాకు పెట్టారా?" అన్నాను.

"నేను అడిగాను, పెట్టారు."

కొత్త తోలు వేసిన కుర్చీ. నేను రెండేళ్ళుగా ఎదురుచూసింది. చేతికొచ్చింది. నాకు సంతోషంగా ఉండాలి, రేపటికి ఉంటుందేమో.

ఆమె ఇంకో కాగితం తీసింది. లిండ్‌క్విస్ట్ ఖాళీ చేస్తున్న కుర్చీకి. పేరు చోట లవోన్ క్వామ్. కింద సంతకాలు కిక్కిరిసి ఉన్నాయి, కాగితం అంచుల దాకా. నా కళ్ళు వద్దన్నా నా కాగితంతో పోల్చుకున్నాయి. నాకు కావలసినన్నే ఉన్నాయి. ఆమెకు అంతకు రెట్టింపు ఉన్నాయి. పైన మొదటి గీత మాత్రం ఖాళీ.

"అది నీ కోసం వదిలాను" అంది. "మొదటి సంతకం నీది కావాలి."

"సెనేటర్ అవుతావన్నమాట."

"అవుతానో లేదో తెలీదు."

మళ్ళీ అదే మాట. పెన్ను తీసుకున్నాను. ఎనిమిదేళ్ళు, ఆ ముందు ఎన్నో ఏళ్ళు, ఆ కుర్చీలో నన్ను నేను ఊహించుకున్న మాట ఆమెకు తెలుసు. తెలిసే నా ముందు పెట్టింది. నేను చేసిందానికి ఇది శిక్షా, లేక నిజంగానే నా సంతకం కావాలా అని ముఖం చూశాను. అలసిపోయి ఉంది. అంతకంటే ఏమీ కనబడలేదు. సంతకం పెట్టాను.

ఆమె కాగితం మడవకుండా పక్కన పెట్టింది. "వచ్చే జనవరిలో బిల్లు పైసభలో పెడతాను. అక్కడ గెలుస్తుందనుకుంటున్నాను. గెలిస్తే మీ సభకు వస్తుంది. అక్కడ దాన్ని మోసేవాళ్ళు కావాలి."

"కర్ట్ మళ్ళీ కమిటీలో చంపేస్తాడు."

"చంపితే నువ్వు పొగబెట్టాలి. ఈసారి నీ కుర్చీలోంచే లేవొచ్చు." అప్పటికి ఆల్డెన్‌లో బండి ఆగి ఆరు నెలలై ఉంటుంది. ఆ మాట ఆమె అనలేదు. "ఎంతమంది లేచారో చూసుకోవడం నీకు కొత్తేం కాదు. నీలా తలలు లెక్కపెట్టేవాడు ఈ రాష్ట్రంలో లేడని ఎమిల్ అన్నాడు."

"ఎమిల్ నీతో మాట్లాడాడా?"

"నా పక్క కుర్చీవాడే కదా. తూకం గది వెనక నీతో ఏం చెప్పాడో కూడా చెప్పాడు."

నేను ఏదైనా అనడానికి నోరు తెరిచాను. మోకాలు అనే మాటే నాలుక మీదికి వచ్చింది. అప్పుడే ఆమె నడుము దగ్గర పేజర్ మోగింది. మిసెస్ గ్రోస్ ఇల్లు. కోటు తగిలించుకుంటూనే పరిగెత్తింది, టీ అలాగే వదిలేసి. కిటికీలోంచి చూశాను. గరాజు తలుపు లేచింది, ఎర్ర దీపాలు మెయిన్ స్ట్రీట్ వెంట పోయాయి. కేఫ్‌లోంచి జనం బయటికొచ్చి, ఆ బండి మలుపు తిరిగేదాకా నిలబడి చూశారు. నేను వెళితే అలా ఎవరూ నిలబడరు. ఇప్పటికీ నాకు ముందుగా వచ్చిన ఆలోచన అదే, దేవుడు క్షమించాలి.

బండి ఇంకా రాలేదు. టీ చల్లారిపోయింది. ఆమె వచ్చాక చెప్పాల్సిన మాట ముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

నేను లేవకముందు ఇరవై ముగ్గురు నిలబడి ఉన్నారు. లెక్కపెట్టాను.